పాలు పడని ఊళ్ళో చోడి అంబలి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో పెద్దవయసు మనిషి చేతికి గ్లాసుడు పాలు ఇవ్వబోయి చూడండి. "వద్దు బాబూ, నాకు పాలు పడవు" అనే మాట తరచూ వినిపిస్తుంది. అదే మనిషి రోజుకు నాలుగుసార్లు టీ తాగుతాడు. ఆఖర్న మజ్జిగ పోసుకోనిదే అన్నం తిన్నట్టుండదు ఆయనకు. పాలు మాత్రం, అందులోనూ పరగడుపున తాగితే, గంట తిరక్కుండా కడుపు ఉబ్బుతుంది, గుడగుడలాడుతుంది, ఒక్కోసారి చెంబు పట్టుకుని పరుగెత్తాల్సి వస్తుంది. "సిన్నప్పుడు తాగీవోణ్ణే, ఇప్పుడు పడతనేదు" అని ఆయనే ఆశ్చర్యపోతాడు.

ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ పెద్ద విషయం కాదు. పడనిది మానేస్తాం, అంతే. ఇప్పుడు దానికి క్యాన్సర్ భయం తోడైంది. పాలు అరగకపోవడం పుట్టుకతో జన్యువుల్లోనే ఉంటుందని, అలాంటివాళ్ళకు పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా వస్తుందని ఒక మాట. ఇది పనిలేనివాళ్ళు పుట్టించిన పుకారు కాదు. దీని వెనక 2005లో అచ్చయిన ఫిన్లాండ్ పరిశోధన ఒకటి ఉంది. కాకపోతే ఆ పరిశోధన ఏం చెప్పిందన్నది ఒక సంగతి, దాన్ని తెచ్చి నాగావళి ఒడ్డున నిలబెడితే ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి.

ముందు ఆ గ్లాసు పాల సంగతి చూద్దాం. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. పాలకు ఆ కాస్త తీపి ఇచ్చే చక్కెర ఇదే. రెండు చిన్న చక్కెరలు, గ్లూకోజ్, గాలక్టోజ్, కలిసి ఒక్కటైతే లాక్టోజ్. జంటగా ఉన్నంతసేపూ పేగు దాన్ని పీల్చుకోలేదు. విడగొట్టాలి. ఆ పని చేసే ఎంజైమ్ పేరు లాక్టేజ్. చిన్నపేగు లోపలి గోడ మీద మఖ్‌మల్ నూగులా ఉండే కణాల అంచుల్లో అది ఉంటుంది. చంటిబిడ్డలో పుష్కలంగా ఉంటుంది, ఎందుకంటే తల్లిపాలలో లాక్టోజ్ ఆవుపాలలోకంటే ఎక్కువ.

లాక్టేజ్ చాలకపోతే ఆ చక్కెర అరగకుండానే ముందుకు జారుతుంది. ఉప్పు చల్లిన మామిడిముక్కల్లోంచి నీరు ఊరినట్టు, పేగు గోడల్లోంచి నీళ్ళు లోపలికి ఊరతాయి. విరేచనం పలచబడేది అందుకే. మిగిలిన లాక్టోజ్ పెద్దపేగు చేరాక అక్కడ కాపురముంటున్న కోటానుకోట్ల బ్యాక్టీరియాకు విందు. అవి దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వదులుతాయి. ఉబ్బరం, గుడగుడ, గ్యాస్ అన్నీ అలా పులియడం వల్ల వచ్చినవే. ఇందులో కొంత హైడ్రోజన్ రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా వెళ్ళి ఊపిరిలో బయటికి వస్తుంది. మన శరీర కణాలు సొంతంగా హైడ్రోజన్ తయారుచేయవు. కాబట్టి లాక్టోజ్ తాగించి కాసేపటికొకసారి ఊపిరి ఊదిస్తే, అది అరగకుండా పెద్దపేగు దాకా పోయిందో లేదో తెలిసిపోతుంది. గ్యాస్ట్రో వైద్యులు చేసే ఊపిరి పరీక్ష ఇదే.

ఇక జన్యువు. లాక్టేజ్ తయారీ సూచన ఉన్న జన్యువు రెండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. పాలు పడనివాళ్ళలో ఆ జన్యువు చెడిపోయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది భేషుగ్గానే ఉంటుంది. తేడా అంతా దాన్ని ఎప్పటిదాకా పనిచేయించాలో చెప్పే చోట. ఆ చోటు జన్యువుకు 13,910 అక్షరాల ఎగువన, పక్కనున్న ఎంసీఎం6 అనే జన్యువు లోపల ఉంది. అక్కడ డీఎన్‌ఏ అక్షరం 'సీ' అయితే బాల్యం దాటేకొద్దీ లాక్టేజ్ తయారీ తగ్గిపోతుంది. 'టీ' అయితే పెద్దయ్యాకా సాగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ రెండు అక్షరాల్లో ఒక్క 'టీ' ఉన్నా చాలు. రెండూ 'సీ' అయినవాళ్ళకే పాలతో పేచీ. ఈ అక్షరాన్ని 2002లో పట్టుకున్నది నబీల్ ఎనత్తా, లీనా పెల్టోనెన్, ఇర్మా యార్వెలా ఉన్న ఫిన్లాండ్ బృందం.

దూడ గడ్డికి మళ్ళాక పాల ఎంజైమ్ దానికి అక్కర్లేదు. కుక్కపిల్లకైనా, మేకపిల్లకైనా అంతే. మనిషి మొదటి నుంచి ఆ దారిలోనే ఉన్నాడు. పెద్దయ్యాకా పాలు అరిగించుకోగలగడమే గత కొద్ది వేల సంవత్సరాల్లో, పశువులు కాచుకునే జనంలో పాకిన కొత్త మార్పు. ఈనాటికీ ప్రపంచంలో పెద్దవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి లాక్టోజ్ సరిగ్గా అరగదు. ఫిన్లాండ్ లాంటి చోట పాలు పడనివాళ్ళు నూటికి 18 మంది కనక అక్కడ అది వైద్యుడు రాసుకునే విశేషం. మన దగ్గర పాలు పడేవాళ్ళే తక్కువ.

ఎంత తక్కువో చూడండి. మన దేశం నలుమూలల నుంచి 2,284 డీఎన్‌ఏ నమూనాలు తీసుకుని చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ కూడా అందులో ఉన్నారు. భారతీయుల్లో కనిపించే ఆ 'టీ' అక్షరం యూరప్‌వాళ్ళలో ఉన్నదే, రెండింటి మూలమూ ఒక్కటేనని తేలింది. వాయవ్యాన ఎక్కువగా ఉండి, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది పలచబడిపోతుంది. అంతకు రెండేళ్ళ ముందు, 2010లో, దక్షిణాది, ఉత్తరాది ఆరోగ్యవంతులు 150 మందిపైగా పాల్గొన్న ఇంకో అధ్యయనంలో రెండు 'సీ'లున్నవాళ్ళు దక్షిణాదిలో నూటికి 87 మంది, ఉత్తరాదిలో 67 మంది తేలారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ విషయం ఇంకా పాతది. అక్కడి పరిశోధకులు వినోదినీ రెడ్డి, జితేందర్ పర్షాద్ భారతీయుల్లో లాక్టేజ్ కొరత గురించి 1972లోనే అమెరికా పత్రికలో రాశారు.

అలాగని పటం మీద ఒక గీత గీసి ఇటు పడవు, అటు పడతాయి అనడానికి లేదు. పక్కపక్క ఊళ్ళలో ఉన్న రెండు సమూహాల మధ్య కూడా ఈ అక్షరం లెక్క బాగా మారుతుందని ఆ 2012 అధ్యయనమే చెప్పింది. నీలగిరుల్లో గేదెలు కాచుకునే తోడాల్లో, చుట్టూ ఉన్నవాళ్ళతో పొంతన లేకుండా, 'టీ' చాలా ఎక్కువ. మన సీతంపేట, కురుపాం కొండలది దీనికి సరిగ్గా ఎదురు కథ. ఒడిశా, ఆంధ్ర కొండల్లోని సవర, గదబ, కోందు జనంలో పూర్వం పశువులు దుక్కికే గాని పితకడానికి కావని, పాలు దూడ సొత్తని మానవశాస్త్రజ్ఞులు రాసిపెట్టారు. తరతరాలుగా పాలే తాగని చోట ఆ 'టీ' వచ్చినా దానికి దక్కే లాభం ఏముంది? అది పెరిగే అవకాశమే లేదు.

ఇక్కడ ఒక చిన్న మాట. పాలు తాగాక వచ్చే ప్రతి బాధా ఈ జన్యువు పనే అనుకోకూడదు. నీళ్ళ విరేచనాలతో వారం మంచాన పడి లేచిన పిల్లాడికి కొన్నాళ్ళు పాలు అరగవు. పేగు గోడ మానాక మళ్ళీ అరుగుతాయి. పాల ప్రోటీన్‌కు ఒళ్ళు ఎదురుతిరిగి దద్దుర్లు, వాంతులు వచ్చేది అలర్జీ, దాని దారే వేరు. పుట్టుకతోనే లాక్టేజ్ లేని శిశువులు బహు అరుదు.

ఇప్పుడు 2005 నాటి పరిశోధన. పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన 963 మంది ఫిన్లాండ్‌వాళ్ళ డీఎన్‌ఏను, ఆ జబ్బు లేని 773 మంది డీఎన్‌ఏతో పోల్చారు. రెండు 'సీ'లున్నవాళ్ళకు ముప్పు సుమారు 1.4 రెట్లు కనిపించింది. అంటే 40 శాతం ఎక్కువ. అదే పత్రంలో 283 మంది బ్రిటిష్ రోగుల్ని, 163 మంది స్పెయిన్ రోగుల్ని కూడా చూశారు. వాళ్ళలో అలాంటి సంబంధమేదీ తేలలేదు. తర్వాత 2010లో ఇటలీలో చూసినా కనిపించలేదు. భయపెట్టే మాట ఊరూరా తిరిగేటప్పుడు మొదటి సగం ఒక్కటే తిరుగుతుంది, రెండో సగం పత్రంలోనే ఉండిపోతుంది.

40 శాతం అనగానే గుండె గుభేలుమంటుంది గానీ, దేని మీద 40 శాతం అన్నది అడగాలి. వయసు తేడాలు సరిచేసి చూస్తే మన దేశంలో పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లు కొత్తగా బయటపడేది ఏడాదికి లక్షకు 5 ప్రాంతం. ఆ 5 మీద 40 శాతం అంటే 7. అదీ ఫిన్లాండ్ లెక్క మనకు అచ్చంగా వర్తిస్తుందనుకుంటేనే. ఉత్తర యూరప్‌లో అదే అంకె 30 దాటుతుంది. అసలు చిక్కుముడి ఇక్కడుంది. కొద్దిమందికే పాలు అరగని దేశాల్లో పేగు క్యాన్సర్ అంతగా ఉంటే, నూటికి ఎనభై పైచిలుకు మందికి అరగని మన వైపు అది ప్రపంచంలోకెల్లా తక్కువ ఉన్న చోట్లలో ఒకటి. రెండు 'సీ'లకే ఆ జబ్బు తెచ్చే శక్తి ఉంటే ఈ తీరంలో ప్రతి ఇంటా ఒక రోగి ఉండాలి.

కారణానికీ క్యాన్సర్‌కూ సంబంధం గట్టిగా ఉంటే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి శ్రీకాకుళం వాళ్ళు ఫిన్లాండ్ దాకా పోనక్కర్లేదు. అడ్డపొగ చాలు. చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని పీల్చే అలవాటు ఇక్కడి ఆడవాళ్ళలో ఎక్కువ. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలి మెహతా బృందంతో కలిసి 10,169 మంది గ్రామీణుల నోళ్ళు చూసి 1971లో రాసిన పత్రం ఈ జిల్లా గురించే. అంగిలి మీద వచ్చే క్యాన్సర్ దాదాపుగా అడ్డపొగ తాగేవాళ్ళ సొంత జబ్బని ఆ సర్వేలు చూపించాయి. అలవాటు లేనివాళ్ళలో వెతికినా దొరకనంత తేడా. లాక్టోజ్ సంబంధం అలాంటిది కాదు. ఒక దేశంలో కనిపించి, పక్క దేశంలో మాయమయ్యేటంత పలచనిది. పైగా చుట్ట, బీడీ, సిగరెట్ పెద్దపేగు క్యాన్సర్‌కు కూడా తోవ చూపిస్తాయి. పాల గురించి బెంగపెట్టుకుని చుట్ట వెలిగించే వాళ్ళకు ఏ బెంగ ముందు పడాలో చెప్పనక్కర్లేదు.

మరి ఫిన్లాండ్‌లో కనిపించింది ఉత్తదేనా? ఉత్తది కాకపోవచ్చు. జన్యువు చేసేది తిన్నగా కాదు, వంటింటి గుండా అనిపిస్తుంది నాకు. పాలు పడవు కాబట్టి తక్కువ తాగుతారు. ఫిన్లాండ్‌లాంటి చోట ఒంటికి చేరే కాల్షియంలో పెద్ద వాటా పాలదే. పాలు తగ్గితే కాల్షియం తగ్గుతుంది. కాల్షియంకూ పేగు క్యాన్సర్‌కూ ఉన్న సంబంధమైతే పలచనిది కాదు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025 మొదట్లో 5,42,778 మంది బ్రిటిష్ స్త్రీల ఆహారాన్ని, ఆరోగ్యాన్ని దాదాపు 17 ఏళ్ళ పాటు గమనించిన ఫలితాలు అచ్చువేశారు. వాళ్ళలో 12,251 మందికి పెద్దపేగు లేదా పురీషనాళ క్యాన్సర్ వచ్చింది. రోజుకు అదనంగా 300 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకునేవాళ్ళలో ఆ ముప్పు 17 శాతం తక్కువ. సుమారు ఒక పెద్ద గ్లాసు పాలలో ఉండే కాల్షియం అంత. రోజూ 20 గ్రాముల ఆల్కహాల్ అదనంగా పుచ్చుకునేవాళ్ళలో 15 శాతం ఎక్కువ. ఆ పత్రంలోనే మన కథానాయకుడైన 13,910 అక్షరం కూడా ఉంది. పాలు ఎక్కువగా తాగడానికి ఒప్పే జన్యువున్నవాళ్ళలో పేగు క్యాన్సర్ తక్కువని కూడా తేల్చారు.

కాల్షియం లోపల చేసేది ఇదీ. కొవ్వు అరగడానికి కాలేయం పంపే పిత్తరసంలోని ఆమ్లాలు కొన్ని పెద్దపేగు దాకా వెళ్తాయి. విడిగా తిరిగే కొవ్వు ఆమ్లాలు కూడా వెళ్తాయి. ఇవి రెండూ పేగు లోపలి పొరను రోజూ గీరుతుంటాయి. పొర చెడి, మళ్ళీ కణాలు పెరిగి, మళ్ళీ చెడి, ఆ పెరుగుదలలో ఎక్కడో ఒకచోట డీఎన్‌ఏ నకలు తప్పుతుంది. కాల్షియం ఈ ఆమ్లాలను పట్టుకుని కరగని సబ్బులా మార్చి మలంతో బయటికి పంపేస్తుంది. ఒంటికి పట్టకుండా పేగులోనే మిగిలిపోయిన కాల్షియం వల్ల జరిగే మేలు ఇది. ఎముకకు చేరలేదని మనం వృథా అనుకునే భాగం అక్కడ కాపలా కాస్తుంది.

ఇంతకీ ఈ లెక్క మన వైపు ఎలా పారుతుంది? బ్రిటన్‌లో ఆ అక్షరాన్ని చూసి మనిషి ఎన్ని పాలు తాగుతాడో కొంతవరకు ఊహించవచ్చు. ఇక్కడ ఊహించలేం. దాదాపు అందరివీ రెండు 'సీ'లే. ఒకరి కంచంలో పెరుగు, మరొకరి కంచంలో చింతపులుసు, ఆ తేడా జన్యువుది కాదు, జేబుది, ఊరిది, అలవాటుది. కాబట్టి ఇక్కడి మనిషికి కాల్షియం చేరుతుందా లేదా అన్నది డీఎన్‌ఏ పరీక్ష చెప్పదు. పొద్దున్న ఏం తాగాడో అడిగితే తెలుస్తుంది.

జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు 10 మిల్లీగ్రాములు కూడా ఉండటం కష్టం. పాలలో 120 ప్రాంతం. చోళ్ళలో 350 ప్రాంతం. తక్కిన ఆంధ్రులు రాగులనే ఈ గింజను ఈ రెండు జిల్లాలు తరాలుగా నమ్ముకున్నాయి.

చోడి అంబలి కాసే పద్ధతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పాలి. రాత్రి పడుకునేముందు చోడిపిండిని నీళ్ళలో కలిపి కుండలో వదిలేస్తారు. తెల్లారేసరికి అది కాస్త పులిసి, వాసన మారి ఉంటుంది. పొద్దున్న నూకలు ఎసట్లో ఉడుకుతుంటే ఆ పులిసిన పిండిని పోసి, ఉండకట్టకుండా తిప్పుతూ కాస్తారు. చల్లారాక మజ్జిగ కలిపి, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో కొరుక్కుంటూ తాగి పొలానికి పోతారు. చోళ్ళలో ఫైటేట్ అనే పదార్థం ఉంది, అది కాల్షియంను పట్టేసి ఒంటికి అందనివ్వదు. రాత్రంతా పులియడం వల్ల ఆ ఫైటేట్ కొంత విరిగిపోతుంది. మొలకెత్తించి దంచినా అంతే. పులిసిన మజ్జిగలో బ్యాక్టీరియా అప్పటికే కొంత లాక్టోజ్‌ను తినేసి ఉంటుంది. మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైమ్‌ను కూడా వెంట తెస్తుంది. పాలు పడని మనిషికి ఆ ముంతలో కాల్షియం రెండు వైపుల నుంచి చేరుతోంది, లాక్టోజ్ మాత్రం అతని పేగు ఓర్చుకునేంతే. పెద్ద గ్లాసు అంబలికి 40 గ్రాముల పిండి పడితే 140 మిల్లీగ్రాముల కాల్షియం చోళ్ళదే, మజ్జిగది అదనం.

విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ గింజ మీదే ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. భారతి, శ్రీచైతన్య లాంటి రకాలు ఆ కేంద్రం నుంచి వచ్చినవే. 2020లో దేశానికి అందించిన ఇంద్రావతి రకంలో 100 గ్రాములకు 428 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేదింటి కంచంలోకి తెల్లన్నం వచ్చింది. ఆకలి తీర్చిన పథకాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ తెల్లన్నం పక్కన చోళ్ళు చిన్నబోయాయి, పెద్దలకు మాత్రమే మిగిలిన తిండి అయింది. 2023 మార్చి నుంచి బడుల్లో వారానికి మూడురోజులు రాగిజావ పోయడం మొదలైంది. కాస్త చుట్టుతిరిగి వచ్చిందనుకోవాలి.

అంగన్‌వాడీల్లో గర్భిణులకు రోజూ 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే ఏర్పాటు మీద కొందరికి సందేహం. పాలు పడని జనానికి పాలు ఎందుకని. ఇక్కడ పరీక్ష గదికీ వంటింటికీ తేడా చూడాలి. పరీక్షలో ఒక్క గుక్కలో 25 నుంచి 50 గ్రాముల లాక్టోజ్ తాగిస్తారు. 50 గ్రాములంటే లీటరు పాలు. లీటరు పాలు ఒక్క ఊపున తాగేదెవరు? రెండు 'సీ'లున్నవాళ్ళలో చాలామంది 12 గ్రాముల దాకా, అంటే ఒక గ్లాసు పాలను, తిండితో పాటు తీసుకుంటే ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. టీ పడేది అందుకే, అందులో పాలు ఎన్నని? రోజూ కొంచెం కొంచెంగా తాగుతుంటే పెద్దపేగు బ్యాక్టీరియా కూడా అలవాటుపడి తక్కువ గ్యాస్ వదులుతుంది. ఈనిన పశువు తొలిపాలతో చేసే జున్నులో లాక్టోజ్ మామూలు పాలకంటే తక్కువ. నెయ్యిలో దాదాపు ఉండదు. కోవా మాత్రం నీళ్ళు ఇంకించిన పాలు కాబట్టి లాక్టోజ్ ముద్ద. పెళ్ళిళ్ళలో రెండు పాలకోవాలు తిని "వంట బాగాలేదు" అని క్యాటరింగ్‌వాళ్ళను తిట్టేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి.

చోళ్ళు లేని ఇంట్లో నువ్వులున్నాయి, 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటతాయి. నువ్వులుండ ఒక్కటి తిన్నా కొంత లెక్కలోకి వస్తుంది. మునగాకు ఉంది. భావనపాడు, బారువ తీరాన ముళ్ళతో సహా నమిలే ఎండు మెత్తళ్ళున్నాయి. తాంబూలంలో సున్నం కూడా కాల్షియమేగా అని కొందరు పెద్దలు వాదిస్తారు. నిజమే, దాని పక్కనుండే వక్క మాత్రం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ సంస్థ తేల్చి కూర్చుంది.

ఈ మాటలన్నీ ఉద్దానానికి యథాతథంగా వర్తించవు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం అంతుచిక్కని కిడ్నీ జబ్బు కొన్ని దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. పలాసలో 2023లో దానికోసమే పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ ఒంట్లో కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పుతుంది. చోళ్ళు, నువ్వులు, పాలు, ఎండుచేపలు అన్నిట్లోనూ ఫాస్ఫరస్ ఉంది, ఎండుచేపల్లో ఉప్పు కూడా. అక్కడ క్రియాటినిన్ పెరిగిన మనిషి క్యాన్సర్ భయంతో మందుల షాపులో కాల్షియం బిళ్ళలు కొనుక్కుని మింగడం కొరివితో తల గోక్కోవడమే. ఏది ఎంత తినాలో కిడ్నీ వైద్యుడే చెప్పాలి.

మళ్ళీ పాలు, క్యాన్సర్ సంగతికి వస్తే, శాస్త్రవేత్తల్లో ఇంకో వాదం ఉంది. అరగని లాక్టోజ్ పెద్దపేగులో పులిసినప్పుడు గ్యాసే కాదు, బ్యుటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలూ పుడతాయి. పేగు కణాలకు అవి మంచి ఆహారం. ఈ లెక్కన పాలు అరగనివాళ్ళు కాసిని పాలు తాగుతూనే ఉంటే అది మేలు కూడా చేయవచ్చు. స్వీడన్‌లో పాలు పడవని నమోదైన 22,788 మందిని గమనించి 2015లో రాసిన పత్రంలో వాళ్ళకు ఊపిరితిత్తుల, రొమ్ము, అండాశయ క్యాన్సర్లు మామూలు కంటే తక్కువ తేలాయి. వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో అలా తక్కువ లేదు. రక్తసంబంధీకులకు లేని మేలు ఒక్కరికే ఉందంటే అది రక్తంలోది కాదు, తిండిలోది అన్నమాట. ఒకే జన్యువు పేరు చెప్పి ఒక అవయవానికి కీడు, మరో అవయవానికి మేలు అంటూ పత్రాలు వస్తున్నాయంటే, తిరుగుతున్నదంతా పళ్ళెం చుట్టూనే.

నన్నడిగితే పాలు పడకపోవడంలో అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కడుపుబ్బరం, అజీర్తి, అప్పుడప్పుడూ విరేచనం, ఇవన్నీ "నాకు మామూలే, పాలు పడవు" అనే ఖాతాలోకి వెళ్ళిపోతాయి. పెద్దపేగు క్యాన్సర్ మొదట్లో చేసే అల్లరి కూడా అలాంటిదే. పేగు గోడ మీద చిన్న కండ మొలిచి, అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళూ ఆర్‌ఎంపీ డాక్టరిచ్చే గ్యాస్ బిళ్ళలతో గడిచిపోతే దొరికిన వ్యవధి అంతా పోయినట్టే. పాల బాధకు ఒక గుర్తుంది: పాలు తాగిన కొన్ని గంటల్లో వస్తుంది, మానేస్తే పోతుంది. రెండువారాలు పాలు పూర్తిగా ఆపి, మళ్ళీ మొదలుపెట్టి ఎవరికి వారే చూసుకోవచ్చు. మానినా తగ్గనిది పాలది కాదు. మలంలో రక్తం, కారణం తెలియకుండా తగ్గిన బరువు, రక్తహీనత, వారాల తరబడి మారిపోయిన విరేచనం తీరు, రాత్రి నిద్రలేపే కడుపునొప్పి, వీటిలో ఏ ఒక్కటీ లాక్టోజ్ పని కాదు. మలంలో రక్తం అంటే మొలలేనని చెప్పి పసరు వైద్యానికి పంపేవాళ్ళు మన వైపు కొల్లలు.

ఊరికి వచ్చే ఆరోగ్య సిబ్బంది 30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్‌తో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం చూస్తారు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నవి ఆ మూడే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. కాబట్టి ఆ ప్రశ్న ఎవరూ అడగరు, రోగే నోరు విప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో చూపించుకుని, అక్కడివాళ్ళు పంపితే విశాఖలో అగనంపూడి దగ్గరున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళవచ్చు. ఇంట్లో తల్లికో తండ్రికో తోబుట్టువుకో 60 ఏళ్ళలోపే ఈ జబ్బు బయటపడి ఉంటే మిగతావాళ్ళు బాధలు మొదలయ్యేదాకా ఆగకూడదు. 40 ఏళ్ళకు, లేదా ఇంట్లో మనిషికి బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. తండ్రికి 48వ ఏట తెలిస్తే కొడుక్కి 38వ ఏట. అతనికి పాలు పడతాయా, పడవా అన్నది ఆ లెక్కలో ఎక్కడా రాదు.